గ్రౌండ్‌కు వచ్చే బిడ్డలకు

హనుమకొండ



తెల్లవారుజామున ట్రాక్ మీద మీతో నింపాదిగా మాట్లాడటం కుదరదు. మీ చెవులు విజిల్ మీద, కళ్లు స్టాప్‌వాచ్ మీద ఉంటాయి. అందుకే కాగితం పట్టాను. ఈ మధ్య మీలో చాలామంది నా దగ్గరకు వచ్చి ఒకటే మాట అడుగుతున్నారు: "సార్, ఈవెంట్స్ రోజు నొప్పి తెలవకుండ ఏదన్న సూది ఉంటదా?" ఆ మాట విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. సరదాకు అడగడం లేదని తెలుసు. కూలికి పోయి కోచింగ్ ఫీజు కట్టిన అమ్మ, పొలం కౌలుకిచ్చి హాస్టల్ ఖర్చు పంపుతున్న నాన్న మీ కళ్లముందు ఉంటారు. 2022 పోలీసు నోటిఫికేషన్‌లో ఈవెంట్స్‌కు, అంటే దేహదారుఢ్య పరీక్షలకు, మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలన్నారు. ఒక్క సెకను దాటితే రాత్రింబవళ్లు చదివిన చదువంతా పక్కకు పోతుంది. ఆ సెకను విలువ నాకు తెలుసు. జిల్లా పరిషత్ బడుల్లో పీఈటీగా పనిచేసినంత కాలం మీలాంటి పిల్లల కాళ్లు చూస్తూనే బతికాను.

చూసి చూసి నాకు కుదిరిన నమ్మకం ఒకటుంది. నొప్పిని ఎంత ఓర్చుకున్నారన్న దాన్ని బట్టి ఎవరి పట్టుదలనూ కొలవలేం. ఏ నొప్పితో ఉరకవచ్చు, ఏ నొప్పికి ఆగాలి, దేనికి అప్పటికప్పుడు ఆస్పత్రికి పరుగు తీయాలి అని తెలిసిన పిల్లలే ఈవెంట్స్ రోజు దాకా కాళ్ల మీద నిలబడతారు. తెలియని వాళ్లు, ఎంత మొండివాళ్లయినా, నెల రోజుల ముందే గ్రౌండ్ బయట గట్టు మీద కూర్చుంటారు.

ముందు సూది సంగతే చెప్తాను.

వేలూరు ఆస్పత్రి పేరు వినని తెలుగు ఇల్లు తక్కువ. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో పాల్ బ్రాండ్ అనే డాక్టరు వచ్చాడు. ఇంగ్లిషు మిషనరీల కొడుకు, పుట్టింది మాత్రం తమిళనాడులోని కొల్లి కొండల్లో. కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసి మళ్లీ పనికొచ్చేలా చేసిన మహానుభావుడు. అప్పటిదాకా లోకం ఏమనుకునేదంటే, కుష్ఠు వస్తే మాంసం కుళ్లి వేళ్లు వాటంతటవే ఊడిపోతాయని. బ్రాండ్ రోగుల వెంట ఉండి, వాళ్లు ఏం చేస్తున్నారో పూట పూటా గమనించాడు. మరుగుతున్న గిన్నెను ఒట్టి చేత్తో దించుతున్నారు. మేకు గుచ్చుకున్న కాలితోనే నడుస్తున్నారు. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా మెలకువ రావడం లేదు. రోగం చేసిన పని నరాల్లో స్పర్శ పోగొట్టడం. నొప్పి తెలియక తగిలిన దెబ్బలూ, అవి ముదిరి పట్టిన చీమూ కలిసి వేళ్లను తినేశాయి.

ఆయన చెప్పిన వాటిలో ఉరికేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మామూలు మనిషి చాలా దూరం నడిస్తే, అరికాల్లో ఒకచోట ఒత్తిడి పెరగగానే తనకు తెలియకుండానే అడుగు కాస్త మార్చి వేస్తాడు. బరువు ఇంకోచోటికి జరుగుతుంది. స్పర్శ లేని మనిషి అలా మార్చడు. మొదటి అడుగు ఎలా వేశాడో ఆఖరి అడుగూ అలాగే వేస్తాడు. దాంతో అదే చోట పుండు పడుతుంది. మీరు ఉరుకుతున్నంతసేపూ కాలు మీతో ఇలా లోలోపలే మాట్లాడుతూ ఉంటుంది. మీరు వినకపోయినా మీ అడుగు వింటుంది.

తర్వాత బ్రాండ్ అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆస్పత్రిలో పనిచేశాడు. అక్కడ ఇంజనీర్లతో కలిసి, స్పర్శ లేనివాళ్ల కోసం కృత్రిమంగా నొప్పి తయారు చేయాలని చూశాడు. చేతి తొడుగుల్లో, మేజోళ్లలో ఒత్తిడిని పసిగట్టే పరికరాలు పెట్టారు. ఒత్తిడి మించితే చెవి దగ్గర మోత మోగుతుంది. రోగులు దాన్ని లెక్కచేయలేదు. సరే అని కరెంటు షాక్ పెట్టారు. అప్పుడు రోగులు, చేస్తున్న పనికి అడ్డొస్తోందని స్విచ్ ఆపేసి పని కానిచ్చుకుని మళ్లీ వేసుకునేవారు. ఏళ్లు కష్టపడి ఆయన ఆ ప్రయత్నం మానుకున్నాడు. నొప్పి మనిషిని కాపాడాలంటే దాని స్విచ్ ఆ మనిషి చేతిలో ఉండకూడదన్నది ఆయనకు అర్థమైన సంగతి.

బిడ్డలూ, ఈవెంట్స్ పొద్దున వేయించుకునే సూది ఆ స్విచ్చే. నడుముకు పొడిచే ఆ మందు చాలాసార్లు డైక్లోఫినాక్. ఒక్కోసారి దానికి స్టెరాయిడ్ కలిపి ఇస్తారు. ఎముకలో చీలిక మొదలై ఉంటే, సూది ఆ చీలికను అతికించదు. మీకు కబురు అందకుండా చేస్తుందంతే. చీలిక ఉన్న ఎముక మీద మీరు శక్తికొద్దీ ఉరుకుతారు, గుండు విసురుతారు, లాంగ్‌జంప్ దూకుతారు. పైగా చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం అందేలా చూసే రసాయనాలు మన ఒంట్లోనే తయారవుతాయి. ఈ మందు వాటినే అడ్డుకుంటుంది. ఎండలో, నీళ్లు తక్కువ తాగి, ఆ మందు వేసుకుని ఉరికితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మన దేశంలో రాబందులు తుడిచిపెట్టుకుపోవడానికి కారణం ఈ మందేనని 2004లో శాస్త్రజ్ఞులు తేల్చారు. పశువులకు ఇచ్చిన డైక్లోఫినాక్, చచ్చిన ఆ పశువులను తిన్న రాబందుల మూత్రపిండాలను చంపేసింది. 2006లో పశువులకు వాడకం నిషేధించారు. పక్షి వేరు, మనిషి వేరు, ఒప్పుకుంటాను. డాక్టరు చూసి, అవసరమై రాసిస్తే అది మంచి మందే. పరుగు కోసం ఎవరికి వాళ్లు పొడిపించుకునేది మాత్రం కాదు.

ఇక నొప్పుల్లో భయపడనక్కర్లేని వాటి సంగతి. మూడో ల్యాప్‌లో తొడలు మండుతాయి, పిక్కలు బిగుసుకుంటాయి, ఊపిరి అందదు. ఆగి నాలుగు నిమిషాలు నడిస్తే ఆ మంట పోతుంది. అది పని చేస్తున్న కండ చేసే మంట. దానికి ఆగకండి. డొక్కలో పోటు వస్తే వేగం తగ్గించి, పొట్ట నిండా గాలి పీల్చి నెమ్మదిగా వదలండి. పిక్క పట్టేస్తే కాలివేళ్లను మీ వైపు లాగి పట్టుకుని, కండ వదిలేదాకా ఆగండి.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు మర్నాడు ఒళ్లంతా పీకుతుంది. మూడో రోజుకు ఇంకా ఎక్కువై, బాత్రూమ్‌లో కూర్చుని లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తుంది. దీన్ని 1902లో థియోడర్ హఫ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు పరిశీలించి రాశాడు. కండలో లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని ఇప్పటికీ గ్రౌండ్లలో చెప్తుంటారు. అది పరుగు ఆపిన గంటలోపే రక్తంలోంచి సర్దుకుంటుంది. మూడో రోజు నొప్పికి దానితో సంబంధం లేదు. అలవాటు లేని బరువు పడి కండ పోగుల్లో కంటికి కనిపించనంత చిన్న చీలికలు రావడం, వాటిని బాగుచేసుకోవడానికి ఒళ్లు వాపు తెచ్చుకోవడం దానికి కారణం. కండ సాగుతూ బరువు మోసినప్పుడు ఇది ఎక్కువ. అందుకే పద్మాక్షి గుట్ట ఎక్కినప్పటికంటే దిగిన మర్నాడు తొడలు ఎక్కువ నొస్తాయి. నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది. అదే పని మళ్లీ చేస్తే రెండోసారి ఇంత ఉండదు. నెమ్మదిగా నడవండి, తేలిగ్గా కదలండి, నిద్రపోండి. నొప్పిని చూసి మానేసినవాళ్లు ప్రతి సోమవారం ఇదే మొదటి రోజు నొప్పిని మళ్లీ మళ్లీ పడుతూనే ఉంటారు.

ఇప్పుడు అసలు చోటికి వస్తాను. మోకాలి కింద, కాలి ముందు భాగంలో ఉండే ఎముక. మీలో ఎక్కువమందిని గట్టు మీద కూర్చోబెట్టేది ఇదే.

మంచం మీద కాలు చాపుకుని కూర్చోండి. ఆ ఎముక లోపలి అంచు మీద బొటనవేలు పెట్టి, చీలమండ పై నుంచి మోకాలి దాకా అంగుళం అంగుళం నొక్కుకుంటూ రండి. జానెడు మేర అంతా సలుపుతున్నట్టు ఉండి, పరుగు మొదట్లో నొచ్చి, ఒళ్లు వేడెక్కాక తగ్గి, సాయంత్రం మళ్లీ వస్తుంటే అది ఎముక అంచున వచ్చిన ఒత్తిడి నొప్పి. దూరం సగానికి తగ్గించి, సిమెంటు రోడ్డు వదిలి మట్టి మీదకు మారి, పిక్కలకు బలం పెంచుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. అలా కాకుండా, ఒకేచోట, రూపాయి బిళ్లంత మేరలో, నొక్కగానే "అబ్బా" అని కాలు లాక్కుంటే జాగ్రత్త. ఉరికేకొద్దీ ఆ నొప్పి పెరుగుతుంటే, రాత్రి పడుకున్నాక కూడా పోటు పెడుతుంటే, ఆ కాలి మీద ఒంటికాలితో గెంతలేకపోతే, అది ఎముకలో సన్నని చీలిక అయి ఉండొచ్చు. ఆ రోజుతో పరుగు ఆపేయాలి. మందు రాసి మాలిష్ చేయించొద్దు, గట్టిగా కట్టు కట్టించుకుని మళ్లీ గ్రౌండ్‌కు రావొద్దు. ఎముకల డాక్టరు దగ్గరకు పోవాలి. మొదటి రెండు మూడు వారాల్లో మామూలు ఎక్స్‌రేలో ఈ చీలిక తరచుగా కనపడదు. ఎక్స్‌రే బాగుంది కదా అని ఉరకబోతే చీలిక కాస్తా ఎముక విరిగేదాకా పోతుంది. నొప్పి తగ్గకపోతే ఎంఆర్ఐ తీయాలా అని డాక్టరును అడగండి.

ఈ జబ్బు మొదట బయటపడిందే మీలాంటి కుర్రాళ్లలో. 1855లో ప్రష్యా సైన్యంలో బ్రైథాప్ట్ అనే డాక్టరు, కొత్తగా చేరిన సిపాయిలు కవాతు చేసి చేసి పాదాలు వాచి నడవలేకపోతుంటే దాని గురించి రాశాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు. లోపల ఏం జరిగిందో ఆయనకు కనిపించే దారి లేదు. ఎక్స్‌రే వచ్చాక 1897లో తెలిసింది, పాదం ఎముకలు చీలాయని. సైన్యంలో చేరకముందు ఆ కుర్రాళ్లు బలహీనులేం కారు. వాళ్ల ఎముకలకు టైమ్ దొరకలేదు, అంతే.

టైమ్ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే కోచింగ్ సెంటర్లు మీకు చెప్పనిది ఇదే. పరుగులో ప్రతి అడుగుకూ నేల మీ ఒంటి బరువుకు రెండు మూడింతల దెబ్బ తిరిగి కొడుతుంది. 60 కిలోల పిల్లవాడికి 120 నుంచి 180 కిలోలు. 1600 మీటర్లలో అలాంటి అడుగులు వెయ్యికి పైనే. ఈ దెబ్బలకు తట్టుకునేలా ఎముక తనను తాను మళ్లీ కట్టుకుంటుంది. పాత ఇంటి గోడను బాగుచేసే మేస్త్రీ ముందు పెచ్చులూడిన చోట్లన్నీ కొట్టేసి, తర్వాత కొత్తగా కట్టుకొస్తాడు చూడండి, ఎముక కూడా అంతే. పాతదాన్ని తొలిచే పని రెండు మూడు వారాల్లో అయిపోతుంది. కొత్తది కట్టి గట్టిపడటానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. అంటే పరుగు మొదలుపెట్టిన మూడు, నాలుగు వారాలప్పుడు ఎముక మునుపటికంటే కాస్త బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పటికే మీ గుండె, ఊపిరితిత్తులు, కండలు అలవాటు పడి, ఒళ్లు తేలికై, ఉత్సాహం ఉరకలు వేస్తుంటుంది. "ఊపిరి ఆడుతోంది కదా సార్, ఇంకో రెండు ల్యాప్‌లు కొడతా" అంటారు. గుండె సిద్ధం, ఎముక ఇంకా కాలేదు. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెట్టి రోజుకు రెండు పూటలా ఉరికే పిల్లల కాళ్లు ఆ నెలలోనే ఎందుకు పోతాయో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. అందుకే చెప్తున్నాను: నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకండి, చదువు మొదలుపెట్టిన రోజే నడక, మెల్లని పరుగు మొదలుపెట్టండి. మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించండి. ఒకేసారి దూరమూ వేగమూ రెండూ పెంచొద్దు. వారంలో రెండు రోజులు పరుగు వద్దు. ఆ రోజుల్లో సైకిలు తొక్కండి, ఈత వచ్చినవాళ్లు ఈదండి. గుండెకు పని దొరుకుతుంది, ఎముకకు తెరిపి దొరుకుతుంది.

మోకాలి సంగతి వేరు. లాంగ్‌జంప్‌లోనో కబడ్డీలోనో కాలు తిరగబడి లోపల టప్‌మన్న చప్పుడు వినిపించి, గంటల్లోనే మోకాలు బూరెలా వాచిందంటే లోపలి లిగమెంటు తెగి ఉండే అవకాశం ఎక్కువ. వారం తర్వాత వాపు తగ్గి నడవగలుగుతారు. తగ్గిందనుకుని మళ్లీ దూకితే మోకాలు పక్కకు జారిపోతుంది, ఈసారి లోపలి మెత్తని గుజ్జు కూడా చిరుగుతుంది. బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ మోకాలు 1994లో ఆట మధ్యలో ఇలాగే దెబ్బతింది. ఆపరేషన్లు చేయించుకుని, ఏళ్ల తరబడి ఓపికపట్టి, 2001లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచాడు. ఆ మధ్య ఏళ్లలో ఆయన చేసిన కసరత్తు మనకు కనిపించదు.

బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పీవీ సింధు ఉదాహరణ మీరే నాకు చెప్తుంటారు. "2022 కామన్వెల్త్‌లో కాలు నొప్పితోనే ఆడి గోల్డ్ కొట్టింది కదా సార్" అని. నిజమే, బర్మింగ్‌హామ్‌లో ఆగస్టు 8న గెలిచింది. కానీ కథ అక్కడ ఆపకండి. హైదరాబాద్ రాగానే ఎంఆర్ఐ తీయించుకుంది. ఎడమ పాదంలో ఎముక చీలిక అని డాక్టర్లు చెప్పారు. అదే నెలలో జరగాల్సిన ప్రపంచ చాంపియన్‌షిప్ వదులుకుంది. మళ్లీ కోర్టులో దిగింది 2023 జనవరిలో. ప్రపంచ స్థాయి ఫిజియోలు పక్కనే ఉన్న అమ్మాయికి ఒక్క పతకం ఖరీదు దాదాపు ఐదు నెలలు. పక్కన ఎవరూ లేని మీకు ఎంత పడుతుందో ఆలోచించండి. నేను ఆమెలో గౌరవించేది ఆ తర్వాతి ఐదు నెలల ఓపికను.

ఆడపిల్లలకు విడిగా ఒక మాట. తల్లీ, సిగ్గుపడకుండా చదవండి. బరువు తగ్గాలని పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం పిడికెడు అన్నంతో సరిపెట్టి, రెండు పూటలా ఉరికితే ఒంటికి చేరేది తక్కువ, ఖర్చయ్యేది ఎక్కువ అవుతుంది. అప్పుడు ఒళ్లు ముందు నెలసరిని ఆపుతుంది, తర్వాత ఎముకలో పొదుపు చేస్తుంది. పరుగు మొదలుపెట్టాక నెలసరి రాకపోతే "పీడ పోయింది, ట్రైనింగ్‌కు అడ్డు లేదు" అనుకుంటున్న పిల్లలు నాకు తెలుసు. అది ఎముక చీలబోతోందని ముందే వచ్చిన కబురు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక రాసింది, మగపిల్లలకు కూడా వర్తిస్తుందని చెప్పింది. మూడు నెలలు రాకపోతే డాక్టరమ్మ దగ్గరకు వెళ్లండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైగా ఆడవాళ్లలో రక్తం తక్కువ. ఒక ల్యాప్‌కే కాళ్లు బరువెక్కి ఆయాసం వస్తుంటే బద్ధకమని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర, పల్లీలు, బెల్లం. పౌడర్ డబ్బాలు కొనే డబ్బుతో ఇవన్నీ నెలంతా వస్తాయి.

ఇక ఆలస్యం చేయకూడనివి.

పరుగులో గుండె మీద బరువు పెట్టినట్టు, పట్టేసినట్టు ఉండి, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకి, చల్లని చెమట పడితే ల్యాప్ పూర్తి చేయాలనుకోవద్దు. కూర్చోండి, 108కు ఫోన్ చేయించండి. గ్యాస్ అని సోడా తాగి పడుకోవద్దు. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే, వ్యాయామం చేశాక ఒంట్లో బాగాలేక, ఆస్పత్రికి చేరినా దక్కలేదు. ఆ తర్వాత వ్యాయామమంటేనే భయపడి మానేసినవాళ్లను చూశాను. వ్యాయామం గుండెకు మేలే చేస్తుంది, మానకండి. కానీ ఉరుకుతుండగా కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు ముందు ఈసీజీ, ఎకో చేయించుకుని, డాక్టరు సరేనన్నాకే గ్రౌండ్‌కు రండి. పక్కవాడు కుప్పకూలి, పిలిచినా పలకక, ఊపిరి మామూలుగా తీయకపోతే, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూనే ఉండండి, అంబులెన్స్ వచ్చేదాకా. ఇది మీలో ప్రతి ఒక్కరికీ వచ్చి ఉండాలి. రేపు పోలీసులయ్యేది మీరే.

రెండోది వడదెబ్బ. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ పరీక్షల్లో 10 కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఆ పరుగుల రోజుల్లో పదిమందికి పైగా కుర్రాళ్లు చనిపోయారు. ప్రభుత్వం పరీక్షలు కొన్నాళ్లు ఆపి, ఆ తర్వాత ఎండ ముదరకముందే ముగించేలా వేళలు మార్చింది. వాళ్లకూ అమ్మలున్నారు, నాన్నలున్నారు, కోచింగ్ ఫీజులున్నాయి. ఉక్కలో ఉరుకుతున్నవాడు తూలుతూ, పొంతన లేని మాటలు మాట్లాడితే అది వడదెబ్బ, చెమట కారుతున్నా సరే. మోసుకుపోయే బండి కోసం వెతుకుతూ కూర్చోవద్దు. నీడకు లాగి, బట్టలు వదులు చేసి, బకెట్లతో చల్లని నీళ్లు, ఐసు దొరికితే ఐసు, ఒంటి నిండా పోయండి. చల్లబరుస్తూనే 108ను పిలవండి.

మూడోది, మూత్రం రంగు. ఎన్నడూ చేయని స్థాయిలో ఒక్కసారిగా వందల కొద్దీ గుంజీలో స్క్వాట్లో చేశాక, తొడలు రాళ్లలా వాచి, మూత్రం డికాక్షన్ రంగులో వస్తే, కండ చిట్లి దానిలోని పదార్థం మూత్రపిండాల్లోకి చేరుతోందన్నమాట. ఆ రాత్రే ఆస్పత్రికి పోవాలి, తెల్లారేదాకా ఆగొద్దు. ఈ లేఖ చదివే కోచ్‌లకూ చెప్తున్నాను: లేటుగా వచ్చినందుకు, కబుర్లాడినందుకు గుంజీలు శిక్షగా వేయకండి. పిల్లవాడి అహం తగ్గుతుందో లేదో తెలియదు, మూత్రపిండాలు పోవచ్చు.

రోజువారీగా మీరు చేయాల్సింది మాత్రం చిన్న పనే. నొప్పికి 10కి మార్కులు వేయండి. 3 లోపు ఉండి, అడుగు కుంటుపడకుండా ఉండి, మర్నాటి పొద్దుటికి మామూలైతే పరుగు కొనసాగించండి. 5 దాటినా, కుంటుతున్నా, మర్నాడు పెరిగినా ఆ రోజు పరుగు లేదు. పొద్దున మంచం దిగగానే వేసే మొదటి పది అడుగులు గమనించండి. మడమలో సూదులు గుచ్చినట్టుంటే అరికాలి కింది పట్టీ వాచింది, పిక్క నరం గట్టిగా ఉంటే నిన్నటి పని ఎక్కువైంది. ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నది ఒక నోటుబుక్కులో ఒక్క వరుస రాయండి. డాక్టరు దగ్గర "కాలంతా నొస్తుంది సార్" అంటే ఆయన మాత్ర రాస్తాడు. "ఎడమ కాలు, చీలమండకు బెత్తెడు పైన, రెండో ల్యాప్‌లో మొదలై రాత్రి కూడా పోటు పెడుతుంది, పన్నెండు రోజులుగా" అంటే ఆయన లేచి వచ్చి కాలు పట్టుకుని చూస్తాడు.

ఆగమని చెప్పినప్పుడు ఆగడానికి మీకు భయమని నాకు తెలుసు. వారం ఆగితే స్టామినా అంతా పోతుందనుకుంటారు. పోదు. వారం పది రోజులు పరుగు మానినా, సైకిలో ఈతో ఉంటే మీ టైమింగ్ పెద్దగా చెడదు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ముందు అరగంట నొప్పి లేకుండా నడవాలి, తర్వాత ఆ కాలి మీద పదిసార్లు నొప్పి లేకుండా గెంతాలి, ఆ పైన నిమిషం ఉరికి నిమిషం నడవాలి. ఎముక చీలిందని తేలితే ఆ లెక్క వారాల్లో కాదు, నెలల్లో ఉంటుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. ఈ ఏడాది ఈవెంట్స్ తప్పిపోయినా వయసు మిగిలే ఉంటుంది, కాలు కూడా మిగలాలి కదా.

ఈ ఆదివారం పరుగు వద్దు. పొద్దున ఆరింటికి మీ బూట్లు తీసుకుని గ్రౌండ్‌కు రండి. అడుగు ఎటు అరిగిందో ఒక్కొక్కరివీ చూద్దాం. కాలు నొస్తున్నవాళ్లు ముందు వరుసలో కూర్చోండి. నొస్తలేదని అబద్ధమాడేవాళ్లను వాళ్ల స్నేహితులే లాక్కురావాలి. ఛాతీ మీద నొక్కడం ఎలాగో కూడా ఆ రోజే అందరికీ నేర్పిస్తాను.

మీ
పీఈటీ సారు